రష్యన్ కాస్మిజం వారికి ఒక కొడుకు రాసుకున్న విన్నపం

మహారాజశ్రీ రష్యన్ కాస్మిజం గారి సముఖమునకు,

మా నాన్నగారి మరణ ధ్రువీకరణ పత్రంలో ఇంటిపేరులోని ‘ళ’ను ‘ల’గా కొట్టిన తప్పు దిద్దించడానికి నిన్న మధ్యాహ్నమంతా ఒక కార్యాలయంలో కూర్చుని, సర్వర్ పనిచేయడం లేదన్న మాట నాలుగుసార్లు విన్నాను. ఆ నాలుగు విరామాల్లోనూ చదువుకున్నది తమరి గురించే, అంటే మనిషి చావును జయించి అంతరిక్షానికి విస్తరించాలన్న రష్యన్ ఆలోచనా ధార గురించే. పోయిన మనిషి పేరులో ఒక్క అక్షరం దిద్దలేని లోకంలో, పోయిన ప్రతి తండ్రినీ అణువణువూ ఏరి తిరిగి బతికించడమే కొడుకులందరి ఉమ్మడి కర్తవ్యమని తమరి మూలపురుషులు నికొలాయ్ ఫ్యోదొరొవ్ గారు సెలవిచ్చారు. చాలా సంతోషం.

మాస్కోలోని రుమ్యాంత్సెవ్ మ్యూజియం గ్రంథాలయంలో పాతికేళ్లు పనిచేసి, జీతం బీదలకు పంచి, తాను పెట్టె మీద పడుకున్న మనిషిని ఏమైనా అనడానికి నోరు రాదు. అయితే ఆయన 1903లో కన్నుమూశాక, 1906లో శిష్యులు ఆయన రచనల మొదటి సంపుటాన్ని 480 ప్రతులు వేసి, అమ్మకానికి కాదన్నారు. సకల మానవాళి పూనుకోవలసిన పనికి 480 ప్రతులా? మా ఇళ్లలో శుభలేఖలే అంతకంటే ఎక్కువ వేస్తారు.

తమరి బంధువర్గంలో లెక్కించే వైద్యుడు, విప్లవకారుడు బొగ్దానొవ్ గారు 1926లో రక్తమార్పిడి సంస్థ స్థాపించి, రక్తం మార్చుకునే ప్రయోగంలోనే 1928లో పోయారు. ఆయనతో రక్తం ఇచ్చిపుచ్చుకున్న విద్యార్థి మాత్రం బతికాడు. 1920ల మొదట్లో తమరి దారినే నడిచిన బయోకాస్మిస్టులనే బృందం వారు అమరత్వాన్నీ, అంతరిక్షంలో తిరిగే స్వేచ్ఛనూ హక్కులుగా ప్రకటించారు గాని, దరఖాస్తు ఏ కిటికీలో ఇవ్వాలో చెప్పలేదు. ఇవన్నీ సర్దుకుపోవచ్చు.

సర్దుకోలేనిది ఒకటుంది. లేచి వచ్చే తాతముత్తాతలకు ఈ భూమి చాలదు గనుక ఇతర గ్రహాల మీద చోటు చూడాలని కదా ఫ్యోదొరొవ్ గారు ఆకాశం వైపు చూసింది? చెవుడుతో, నల్లరొట్టెతో మాస్కోలో కాలం గడుపుతూ ఫ్యోదొరొవ్ గారు ఇచ్చిన పుస్తకాలు చదివిన రాకెట్ శాస్త్రవేత్త సియోల్కోవ్‌స్కీ, 1903లో రాకెట్ లెక్కను అచ్చువేయించారు. 1957లో స్పుత్నిక్, 1961లో గగారిన్ పైకి వెళ్లారు. అంటే పెళ్లివారికని విడిది తీసుకుని, సున్నాలు వేయించి, బండ్లు కూడా కట్టించి, తీరా పెళ్లివారికి కబురు పెట్టడం మరిచారన్నమాట. ఏమయ్యా, రాకెట్లు ఎవరి కోసం? 1957లోనే కుక్కకు దొరికిన చోటు మా నాన్నకు ఇంకా దొరకలేదేం? పైగా అణువుకు చావు లేదనీ, ఏనాటికైనా అది సుఖపడే దేహంలో చేరుతుందనీ సియోల్కోవ్‌స్కీ ఓదార్పు ఒకటి! నాకు అణువులు అక్కర్లేదు. పొద్దున్నే పేపరు ముందేసుకుని, అచ్చుతప్పు కనబడితే ఎర్రసిరాతో సున్నా చుట్టే మనిషి కావాలి.

కోపంలో ఏకవచనం దొర్లింది, మన్నించండి. ఇంతటి మాట ఇచ్చే ధైర్యం తమరికి తప్ప మరెవరికీ రాలేదని ఒప్పుకుంటున్నాను. శ్మశానాలను కాపాడుకోవాలన్న ఫ్యోదొరొవ్ గారి సమాధి ఉన్న శ్మశానాన్నే తరవాత చదును చేశారట గనుక, చిరునామా ముందే రాసి ఉంచుతున్నాను. మా నాన్నగారి అస్థికలను రాజమండ్రి కోటిలింగాల రేవులో నా చేతులతోనే గోదావరిలో కలిపాను. ధవళేశ్వరం ఆనకట్ట దాటి ఉంటారు, వెదికేవారు దిగువ నుంచి మొదలుపెట్టగలరు. పేరు పెట్టి పిలిచేటప్పుడు ‘ళ’ అని స్పష్టంగా పలకండి. ‘ల’ అంటే ఆయన పలకరు.

ఇట్లు,
టోకెన్ నంబరు 47