హకోనేలో ఒక్క పూట: స్నానం, భోజనం, మళ్లీ స్నానం

టోక్యోలో ఉంటున్న మన తెలుగువాళ్లు, ఓన్సెన్లకు, అంటే భూమిలోంచి ఊరే వేడినీటి స్నానాలకు, పేరుపడ్డ దగ్గరి కొండ ఊరు హకోనే వెళ్లివచ్చి పెట్టే ఫొటోలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. పొద్దున్నే రైలు, అక్కడి నుంచి కొండ రైలు, ఆపైన రోప్‌వే, ఒవకుదాని లోయలో గంధకపు పొగల మధ్య ఉడికించిన నల్ల గుడ్లు, ఆషి సరస్సు మీద సముద్రపు దొంగల ఓడ వేషం కట్టిన పడవ, నీళ్లలో నిలిచిన ఎర్రటి ఆలయ ద్వారం ముందు ఫొటో కోసం పొడవాటి క్యూ. ఇవన్నీ ముగిశాక, చీకటి పడే వేళకు ఏదో ఒకచోట హడావిడిగా వేడినీటిలో మునిగి, తల కూడా ఆరకముందే స్టేషన్‌కు పరుగు. మర్నాడు ఆఫీసులో, ‘ఓన్సెన్ అంటే ఏమిటో అనుకున్నాం, వేడినీళ్ల తొట్టే కదండీ’ అని పెదవి విరుపు.

ఒక్కరోజులో వెళ్లి రాదలచుకున్నవారు ఆ రోజంతా ఒకే ఒక్క ర్యోకాన్‌కు, అంటే జపాన్ పద్ధతి సత్రానికి, ఇచ్చేయాలని నా గట్టి అభిప్రాయం. స్నానమూ మధ్యాహ్న భోజనమూ కలిపి ఒకే ధరకు ఇచ్చే ‘హిగాయెరి’ (అదే రోజు తిరిగి వెళ్లే) ప్లాన్లు హకోనే, యుగవారా, అతామి వంటి ఊళ్లలో చాలా ర్యోకాన్లలో ఉన్నాయి. రాత్రి బసకు డబ్బు చాలనివాళ్లు సరిపెట్టుకునే తక్కువరకం ఏర్పాటుగా మనవాళ్లు దాన్ని చూస్తారు. ఆ చిన్నచూపుకు కారణం నాకు కనబడదు. ర్యోకాన్లలో సాధారణంగా ఉదయం పదింటికి గదులు ఖాళీ చేయిస్తారు, మధ్యాహ్నం మూడింటికి కొత్తవాళ్లను రానిస్తారు. ఆ మధ్య గంటల్లోనూ భూమిలోంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి, వంటవాళ్లు ఎలాగూ ఉంటారు. ఆ ఖాళీ వేళనే మనకు అమ్ముతున్నారు. రెండు పూటల భోజనంతో రాత్రి బసకు మనిషికి ఇరవై, ముప్పై వేల యెన్‌లు అడిగే స్థాయి చోట, మధ్యాహ్నపు ప్లాన్ చాలాసార్లు పదివేల లోపే దొరుకుతుంది. పైగా రాత్రి బస చేసినవాళ్లు వెళ్లిపోయి, కొత్తవాళ్లు ఇంకా దిగని ఆ సమయంలో, అందులోనూ మంగళవారమో బుధవారమో అయితే, ఆరుబయటి రాతి తొట్టిలో మీరొక్కరే ఉండే అవకాశం ఎక్కువ.

టోక్యోలోని షింజుకు నుంచి రొమాన్స్‌కార్ అనే ఎక్స్‌ప్రెస్ రైలు ఎక్కితే సుమారు గంటన్నరలో హకోనే-యుమోతోలో దిగుతాం. పదకొండింటికి ర్యోకాన్‌లో అడుగుపెట్టి, మొదట ఒక స్నానం, తరవాత తీరిగ్గా భోజనం, ఆపైన తతామి (గడ్డి చాపలు పరచిన) గదిలో గంటసేపు నడుం వాల్చడం, రెండింటికి రెండో స్నానం. ఈ వరసను నేను ఎవరికోసమూ మార్చను. కడుపు నిండా తిన్న వెంటనే 42 డిగ్రీల నీటిలో దిగితే తల తిరుగుతుంది, బీరు తాగి దిగితే మరీ ప్రమాదం. రెండో స్నానమే అసలు స్నానం. మొదటిసారి మనసంతా కొత్త చోటు మీద, పక్కవారి మీద, మన సిగ్గు మీద ఉంటుంది. రెండోసారికి ఇవేవీ గుర్తు రావు.

దిగే ముందు బట్టలు మార్చుకునే గది గోడ మీదున్న, నీటి వివరాలు రాసిన కాగితాన్ని ఒకసారి చూడండి. ఎవరూ చూడరు, నేను మాత్రం అది చదవకుండా లోపలికి వెళ్లను. 1948 నాటి ఓన్సెన్ చట్టం ప్రకారం నీరు ఊట దగ్గర కనీసం 25 డిగ్రీలు ఉన్నా, చట్టంలో చెప్పిన 19 అంశాల్లో ఏదో ఒకటి నిర్ణీత మోతాదులో ఉన్నా అది ఓన్సెన్ అనిపించుకుంటుంది. అంటే ఓన్సెన్ అన్న పేరు ఒక్కటే చూసి సంబరపడనక్కరలేదు. 2004లో నాగానో జిల్లాలోని షిరహోనేలో, పాలలాంటి తెలుపుకు పేరుపడ్డ నీళ్లలో స్నానపు పొడి కలిపిన సంగతి బయటపడి దేశమంతా గగ్గోలు రేగింది. ఆ మరుసటి ఏడాది నుంచి చల్లనీళ్లు కలుపుతున్నారా, కాచి పోస్తున్నారా, వాడిన నీటినే వడగట్టి మళ్లీ తిప్పుతున్నారా, స్నానపు పొడో క్రిమిసంహారక మందో వేస్తున్నారా అన్నవి రాసి పెట్టడం తప్పనిసరి చేశారు. ఊట నుంచి వచ్చిన నీరు వచ్చినట్టే తొట్టి నిండి పొర్లిపోయే చోటును వెతుక్కుని వెళితే, చర్మానికే తేడా తెలుస్తుంది.

ఇక మనవాళ్ల అసలు అడ్డంకి సిగ్గు. ఆడవాళ్లకూ మగవాళ్లకూ తొట్లు వేరువేరే అయినా, ఒంటి మీద నూలుపోగు లేకుండా పరాయివాళ్ల మధ్య కూర్చోవాలి, ఈతదుస్తులు కూడా పనికిరావు. మా అమ్మను తీసుకువెళ్లినప్పుడు స్నానాల గది గుమ్మానికి కట్టిన తెర దగ్గరే ఆగిపోయింది. “రేవులో అంతమంది మధ్య పుష్కర స్నానం చేశావు కదమ్మా” అంటే, “గోదాట్లో చీర కట్టుకుని మునగడం వేరే, ఇది వేరే. నేను రానుగాక రాను” అంది. ఆమె మాటలో న్యాయం ఉంది, నేను వాదించలేదు. చాలా ర్యోకాన్లలో గంట లోపు సమయానికి అద్దెకిచ్చే విడి స్నానపు గది ఉంటుంది, దాన్ని ముందే మాట్లాడి పెట్టుకున్నాను. చిన్న బల్ల మీద కూర్చుని, సబ్బు నురగంతా పోయేదాకా బిందెతో నీళ్లు పోసుకుని, జుట్టు ముడివేసుకుని తొట్టిలో దిగాక, అరగంట దాటినా ఆవిడ బయటికి వస్తే ఒట్టు. సిగ్గుపడేవాళ్లను వెక్కిరిస్తూ ‘అలవాటు చేసుకోవాలి’ అని ఉపన్యాసం ఇచ్చేవాళ్లు ఈ గది సంగతి ఎందుకు చెప్పరో నాకు తెలియదు.

భోజనం దగ్గర మాత్రం నా ఫిర్యాదు ర్యోకాన్ల మీదే. చేపా మాంసమూ తినేవాళ్లకు ఆ పళ్లెం ఒక పండగ: నాలుగైదు రకాల పచ్చి చేప ముక్కలు, చిన్న పొయ్యి మీద మన కళ్లముందే ఉడికే కుండ, టెంపురా (పిండిలో ముంచి వేయించిన బజ్జీలు), మూత తీస్తే ఆవిరి కొట్టే చవాన్‌ముషి (ఆవిరి మీద ఉడికించిన గుడ్ల వంటకం), చివర అన్నం, మిసో పులుసు, ఊరబెట్టిన కూరలు. శాకాహారుల గతి వేరు. మా అమ్మకోసం వారం ముందే ఫోన్ చేసి, చేపా మాంసమూ గుడ్డూ వద్దని చెప్పాను, సరేనన్నారు. తీరా చూస్తే ఉడికించిన పాలకూర మీద, ఆవిరికి అటూ ఇటూ కదులుతున్న చెక్కపొట్టు లాంటి రేకులు. అవి కత్సువోబుషి, అంటే ఎండబెట్టి పొగపెట్టిన చేపను చిత్రిక పట్టిన పొరలు. పాలకూర పక్కన పెట్టినా, ముల్లంగి కూరా పులుసూ ఆ చేప మరిగించిన దాషి నీళ్లతోనే చేశారు. వడ్డించిన ఆవిడ పాపం నిజంగానే నొచ్చుకుంది. ఆమె లెక్కలో కంటికి చేప ముక్క కనబడకపోతే అది శాకాహారమే. అమ్మ అన్నం, ఊరగాయ, తోఫు తిని లేచింది.

అప్పటినుంచి నేను బుకింగ్‌లోనే ‘చేప దాషి కూడా వద్దు, కొంబు దాషి మాత్రమే’ అని జపనీస్‌లో రాసి, మళ్లీ ఫోన్ చేసి చదివించుకుంటాను. కుదరదంటే ఇంకోచోటు చూసుకుంటాను. కొంబు అంటే సముద్రపు నాచు. దానితో, ఎండు పుట్టగొడుగులతో కమ్మటి దాషి తీయడం ఈ దేశపు వంటవాళ్లకు కొత్త విద్య కాదు, బౌద్ధ ఆలయాల వంట ఎన్నో వందల ఏళ్లుగా అలాగే సాగుతోంది. అయితే ఆ రోజు వెళ్లి అడిగితే లాభం లేదు, పొద్దున్నే కాచిపెట్టిన దాషి అప్పటికే అన్ని గిన్నెల్లోకీ చేరి ఉంటుంది.

రాత్రి ఉంటేనే ఓన్సెన్ అనేవాళ్లు మంచు పడుతున్న వేళ లాంతరు వెలుగులో స్నానం గురించి చెబుతారు. నిజమే, కుసాత్సు వంటి దూరపు ఊరికి చలికాలంలో వెళితే నేనూ రాత్రికి ఉంటాను. గంటన్నర దూరంలో ఉన్న హకోనేకు, పిల్లల బడీ ఆఫీసు సెలవులూ చూసుకుని వెళ్లే కుటుంబానికి ఆ వాదన వర్తించదు. స్నానానికి వేసే పన్ను మామూలుగా 150 యెన్‌లు, పగటిపూట వచ్చేవాళ్లకు దాన్ని తగ్గించే ఊళ్లు కూడా ఉన్నాయి. పన్ను సంగతి వదిలేయండి. ప్లాన్ వివరాల్లో తొట్టి ఫొటోలు పది పెట్టే ర్యోకాన్లు, ఆ పులుసు దేనితో కాచారో ఒక్క వాక్యంలో రాస్తే, శాకాహారపు అమ్మానాన్నలను తీసుకొచ్చే ఇక్కడి మన కుటుంబాలన్నీ మధ్యాహ్నపు బల్లలు నింపేస్తాయి.