పేర్లు చెరిపేసి లెక్కలు చూపిస్తారా?

సమాచార హక్కు (సహ) చట్టానికి ఇరవయ్యేళ్లు నిండి నెల తిరిగిందో లేదో, దాని నడుం విరిచారు. వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టంలోని 44(3) సెక్షన్‌ను 2025 నవంబరులో కేంద్రం అమల్లోకి తెచ్చింది. దాంతో వ్యక్తిగత సమాచారాన్ని ఎప్పుడు ఇవ్వకుండా ఉండొచ్చో చెప్పే సహ చట్టంలోని సెక్షన్ 8(1)(జె) రూపమే మారిపోయింది. ఇక 'వ్యక్తిగత సమాచారం' అన్న ఒక్క మాటతో అధికారి ఫైలు మూసేయొచ్చు. చట్టసభలకు ఇవ్వక తప్పని సమాచారాన్ని పౌరుడికీ ఇవ్వాల్సిందేనన్న వాక్యం కూడా ఎగిరిపోయింది.

ఇంకోపక్క ప్రభుత్వ లెక్కలను అందరికీ చూపే ఓపెన్ డేటా పోర్టల్ 2012 నుంచి ఉండనే ఉంది. కావలసినన్ని పట్టికలు. కానీ పట్టిక తనంతట తాను మాట్లాడదు, చదివి చెప్పేవాళ్లు కావాలి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన ఉపాధి హామీ సామాజిక తనిఖీ చేసి చూపించింది అదే. కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లలు మస్టర్ (కూలీల హాజరు) కాగితాలు పట్టుకుని గడప గడపకూ తిరిగారు. "పెద్దమ్మా, చెరువు పనికి ఆరు రోజులు పోయినట్టు రాసుంది, పోయినవా?" అని అడిగారు. ఆమె పాస్‌బుక్ తెచ్చి చూపిస్తే అందులో పడింది మూడు రోజుల కూలి. పక్క వీధిలో చనిపోయిన మనిషి పేరున హాజరు. ఆ తర్వాత మండల ప్రజావేదికలో ఫీల్డ్ అసిస్టెంట్ ఎదురుగా ఆ పేర్లన్నీ మైకులో చదివారు. అంతకు ముందు, 1994 డిసెంబరులో రాజస్థాన్‌లోని కోట్ కిరానాలో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే ప్రజాసంఘం పెట్టిన తొలి జన సునవాయి (ప్రజా విచారణ)లో జరిగిందీ ఇదే. సహ చట్టం పుట్టింది ఆ చదువులోంచే.

ఆ మస్టర్‌లో పేర్లు తీసేస్తే మిగిలేదేమిటి? 'లబ్ధిదారులు 212, పనిదినాలు 1,480' అని ఉంటుంది. ఎవరిని అడగాలి? ఏ గడప ఎక్కాలి?

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టే చెప్పిందని, ప్రజాప్రయోజనం ఉంటే సమాచారం ఇవ్వడానికి సహ చట్టంలో సెక్షన్ 8(2) ఇంకా ఉందని ప్రభుత్వం అంటోంది. ఉంది నిజమే. ప్రజాప్రయోజనం ఉందో లేదో తొలుత తేల్చేది మాత్రం ఆ ఫైలు మీద కూర్చున్న అధికారే. అయినా పాత 8(1)(జె) గోప్యతను కాపాడలేదని ఎవరన్నారు? రాయితీ పథకాల లబ్ధిదారుల వివరాలు అడగకుండానే ప్రకటించాలని సెక్షన్ 4 ఇప్పటికీ చెబుతోంది. ఒకే చట్టంలో ఒక సెక్షన్ పేర్లు బయటపెట్టమంటే ఇంకొకటి దాచుకోమంటుంది. అన్నం వడ్డించి చేతులు కట్టేయడమంటే ఇదే.

పేరును లెక్కతో కలిపే దారి లేకపోతే ఏమవుతుందో 2024 మార్చిలో దేశమంతా చూసింది. పార్టీలకు విరాళాలిచ్చేందుకు ఎన్నికల బాండ్లు కొన్నవారి జాబితా ఒకటి, సొమ్ము చేసుకున్న పార్టీల జాబితా ఇంకొకటి. రెంటినీ కలిపే బాండ్ల నంబర్లు లేవు. సుప్రీంకోర్టు కన్నెర్ర చేస్తే వారానికి అవి బయటికొచ్చాయి. విలేకరులు, వలంటీర్లు రాత్రంతా కూర్చుని వరుసలు కలిపితేనే ఎవరి సొమ్ము ఎవరికి చేరిందో జనానికి తెలిసింది. రేపు అలా కలిపేవాళ్లకే టెన్షన్. డేటా రక్షణ చట్టంలోని మిగతా నిబంధనలు కూడా అమల్లోకి వస్తే, ఉల్లంఘనకు గరిష్ఠ జరిమానా రూ.250 కోట్లు. 2019 నాటి డేటా రక్షణ బిల్లులో ఉన్న పాత్రికేయ మినహాయింపు 2023 చట్టంలో లేదు. మరిచిపోయారనుకోవాలా?

నేడు మస్టర్ పేరు 'వ్యక్తిగతం' అయితే రేపు కాంట్రాక్టరు పేరు, ఎల్లుండి బిల్లు మీద సంతకం పెట్టిన ఇంజినీరు పేరు కూడా వ్యక్తిగతమే. కూలీ గోప్యత పేరు చెప్పి కాపాడేది ఎవరినో దాచాల్సిన పనిలేదు. 44(3)ని రద్దు చేయాలి. అంతవరకు, పోర్టళ్లకు రిబ్బన్ కత్తిరించే మంత్రులు ఒక్కసారి ప్రజావేదికకు వచ్చి కూర్చోండి. మైకు పట్టుకున్న ఆ పిల్లకు ఏ పేరు చదవొద్దో ఊరందరి ముందు మీరే చెప్పండి.