నక్క కూడా వేర్పాటువాదే

టర్కీ పార్లమెంటులో మినిట్స్ రాసేవాళ్ళ కష్టం పగవాడికి కూడా వద్దు. కుర్దు సభ్యుడెవరైనా (కుర్దులు ఆ దేశంలో సొంత భాష ఉన్న ఒక అల్పసంఖ్యాక జాతి) లేచి తన భాషలో రెండు ముక్కలు మాట్లాడాడో, పాపం, వాళ్ళ కలం ఆగిపోతుంది. అదేం భాషో! ఆ చోట ఒక ఎక్స్ గుర్తు వేసి, వక్త టర్కిష్ కాని మాటలు పలికారని అడుగున చిన్నగా రాసి గండం గట్టెక్కుతారు. 2010లో ఒక కోర్టయితే మొహమాటం లేకుండా "తెలియని భాష" అనే రాసుకుంది, కుర్దిష్‌లో మాట్లాడబోయిన నిందితుల మైకు కూడా కట్టేసింది. ఎక్కడి కోర్టంటారా? దియార్‌బకీర్! కుర్దులు తమ రాజధానిగా చెప్పుకునే ఊరు. సంతలో ఉల్లిపాయలమ్మే మనిషికి వచ్చిన భాష జడ్జిగారి చెవికి మాత్రం అందలేదు.

గుర్తుగా ఎక్స్‌నే ఎంచుకున్న వాళ్ళ ఔచిత్యానికి మాత్రం దండం పెట్టాలి. 1928 లిపి చట్టం టర్కీకి ఇచ్చిన అక్షరమాలలో క్యూ, డబ్ల్యూ, ఎక్స్ లేవు. కుర్దిష్ రాయాలంటే మూడూ కావాలి. కొత్త సంవత్సరపు నౌరోజ్ పండక్కి వీ పెట్టి రాస్తే శుభాకాంక్షలు, డబ్ల్యూ పెట్టి రాస్తే కేసు. సిర్త్ అనే ఊళ్ళో క్యూ, డబ్ల్యూ ఉన్న ప్లకార్డులు పట్టుకున్నందుకు 20 మందికి 2005లో తలా 100 లీరాల జరిమానా వేశారు. ప్రభుత్వ వెబ్‌సైట్ల అడ్రసుల్లో వరసగా మూడేసి డబ్ల్యూలున్నా ఏ మంత్రికీ నోటీసు వెళ్ళలేదు. చివరికి 2013లో ఆ మూడక్షరాలకూ క్షమాభిక్ష దొరికింది.

జాగ్రత్త అక్షరాలతో ఆగలేదు, అడవుల దాకా వెళ్ళింది. ఎర్రనక్కల్లో ఒక ఉపజాతికి వల్పెస్ వల్పెస్ కుర్దిస్తానికా అని పేరుండేది. 2005లో పర్యావరణ శాఖ ఆ మూడో ముక్క కోసేసింది. ఆర్మేనియా పేరు మోస్తున్న అడవి గొర్రెకీ, జింకకీ అదే శాస్తి. ఆ పేర్లు పెట్టినవాళ్ళకి దురుద్దేశాలున్నాయట, దేశ సమైక్యతకు ముప్పట.

ఆ సమావేశాన్ని నేను ఎన్నిసార్లు ఊహించుకున్నానో. బల్ల చుట్టూ సూట్లు, మధ్యలో నక్కగారి ఫైలు.

"ఎక్కడుంటుంది?"

"కొండల్లో, సార్."

"కొండల్లోనా!" (కుర్దుల్ని దశాబ్దాల పాటు 'కొండ టర్కులు' అన్న ప్రభుత్వం కదా, ఆమాత్రం ఉలికిపాటు సహజం.) "ఒంటరిగా తిరుగుతుందా, గుంపు కడుతుందా?"

"ఒంటరిగానే, సార్. రాత్రిపూట."

"అరుస్తుందా?"

"అరుస్తుంది, సార్."

"ఏ భాషలో?"

"తెలియని భాషలో, సార్."

సంతకాలు పడిపోయాయి. నక్కకి కబురు చేశారో లేదో మరి.

2009 జనవరి 1న ప్రభుత్వమే కుర్దిష్ టీవీ చానల్ తెరిచింది. ప్రధాని ఎర్డోగాన్ స్వయంగా కుర్దిష్‌లో ఒక వాక్యంతో దాన్ని దీవించాడు. రాసి చూస్తే ఆ వాక్యంలో ఎక్స్ ఉంది, అప్పటికింకా నిషేధం తొలగలేదు. రెండు నెలలు తిరక్కుండానే అహ్మెత్ టర్క్ (ఇంటిపేరు చూసి మోసపోకండి, ఆయన కుర్దే) పార్లమెంటు భవనంలో తన పార్టీ సమావేశంలో కుర్దిష్ అందుకున్నాడు. ప్రభుత్వ టీవీలో ప్రత్యక్ష ప్రసారం అక్కడికక్కడే కట్.

లేలా జానా దగ్గరికొచ్చేసరికి నాకు నవ్వు రాదు. 1991లో ఆమె ఎంపీగా టర్కిష్‌లోనే ప్రమాణం చేసి, చివర్న ఒక్క వాక్యం కుర్దిష్‌లో అంది: టర్కుల, కుర్దుల సోదరభావం కోసం ఈ ప్రమాణం చేస్తున్నానని. సభలో ఒకటే అరుపులు. 1994లో ఎంపీగా ఆమెకున్న రక్షణ తీసేశారు, సాయుధ సంస్థ సభ్యురాలని ముద్ర వేసి 15 ఏళ్ళ శిక్ష రాశారు. పదేళ్ళు జైల్లో గడిపింది. సోదరభావం అన్న మనిషి! తెలియని భాష అన్నారే, మరి ఆ ఒక్క వాక్యానికి అంతగా ఎలా రంకెలేశారయ్యా? అర్థం కానప్పుడు కడుపెందుకు మండింది? మీకు ఆ భాష వచ్చు. మొదట్నుంచీ వచ్చు.

రాజ్యాంగం 42వ అధికరణం ఈనాటికీ టర్కిష్ తప్ప మరే భాషనూ బడిలో మాతృభాషగా చెప్పనివ్వదు. 2012 నుంచి మాత్రం అయిదో తరగతికి వచ్చాక కుర్దిష్‌ను ఐచ్ఛికంగా తీసుకోవచ్చు, వారానికి రెండు గంటలు. కనీసం పదిమంది పిల్లలు అడగాలి, టీచరు దొరకాలి. అంతవరకూ ఇంట్లో అమ్మ అన్నానికి ఏ భాషలో పిలుస్తోందో ఆ పిల్లలు కూడా ఎక్స్ అనే రాసుకోవాలి కాబోలు.