కాంప్లెక్స్ మీటింగ్ గారికి ఒక టీచర్ విన్నపం

గౌరవనీయులైన కాంప్లెక్స్ మీటింగ్ గారికి,

మహబూబాబాద్ జిల్లాలో ఒక తండా పక్కనున్న హైస్కూల్లో సోషల్ చెప్పే టీచర్ నమస్కరించి రాయునది.

చుట్టుపక్కల బడుల టీచర్లందరినీ నెలనెలా ఒక చోటికి పది గంటలకని పిలిచి పదకొండున్నరకు మొదలవుతారని మీ మీద నాకు కోపమేం లేదు. మీరు చిన్నాచితకా వాళ్లు కాదు. చుట్టుపక్కల బడులన్నీ ఒక జట్టుగా ఉండాలని 1966లో కొఠారి కమిషన్ రాసిపెట్టింది, 2020 జాతీయ విద్యావిధానం కూడా మళ్లీ మీ పేరే ఎత్తింది. టీచరుకు టీచరు ఆసరా కావాలన్నది అసలు సంగతి. ఆ మాట మినిట్స్ బుక్కులో ప్రతి నెలా ఉంటుంది, దాని కింద సంతకం పెట్టి సమోసా తిని వచ్చేస్తుంటాం.

పోయిన నెల ఎజెండాలో 'బడి మానేసే ప్రమాదంలో ఉన్న పిల్లలు' అని చూడగానే ప్రాణం లేచొచ్చింది. పావుగంట ఇచ్చారు. అందులో పది నిమిషాలు ప్రొజెక్టర్ వైరు కుదరలేదు, మిగిలిన ఐదు నిమిషాల్లో ఒక ఫార్మాట్ పంచారు. పేరు, తరగతి, రాకపోవడానికి కారణం, తీసుకున్న చర్య. కారణం రాయాల్సిన గడి నా బొటనవేలంత ఉంది. పత్తి ఏరడానికి కూలీలు దొరక్క పిల్లను చేనుకు తీసుకుపోతున్నారని రాయనా, తొమ్మిదో తరగతి పిల్లకు సంబంధాలు చూస్తున్నారు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే రేపు ఆ ఊళ్లో నాతో ఎవరు మాట్లాడతారని రాయనా? 'అనారోగ్యం' అని రాశాను. పక్క సారూ అదే రాశాడు, ఆయన వెనక మేడమూ అదే. ఆ లెక్కన మన కాంప్లెక్స్ పరిధిలో పిల్లలందరికీ ఒకేసారి జ్వరం వచ్చింది.

ఇప్పుడు మీకు తెలియనివ్వొద్దనుకున్న సంగతి ఒకటి చెప్తాను, కోప్పడొద్దు.

మా ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి ఫిబ్రవరిలో మాయమైంది. తండాలో అడిగితే ట్రాలీ ఆటోలో మిరపకాయలు ఏరడానికి గోదావరి ఒడ్డుకు పోయారన్నారు. అంటే ఏటూరునాగారం వైపు, వంద కిలోమీటర్ల పైనే. పైగా అది ములుగు జిల్లా. 2016 దాకా మనదంతా ఒకటే వరంగల్ జిల్లా, ఇప్పుడు ఆరు, అంటే ఆరుగురు డీఈవోలు (జిల్లా విద్యాధికారులు), ఆరు రకాల వాట్సాప్ గ్రూపులు. మిర్చి కోతకు పోయేవాళ్లకు జిల్లా హద్దులతో పనేముంది, కూలి ఎక్కడుంటే అక్కడికి పోతారు. మీరు మాత్రం మండలం దాటి రారు. ఆ పిల్ల మీకు ఎప్పటికీ దొరకదు.

నాకు దొరికింది. ఎట్లాగంటే, ఎప్పుడో టెన్త్ స్పాట్ వాల్యుయేషన్లో పక్క టేబుల్ మీద పేపర్లు దిద్దిన సార్ అటువైపు పనిచేస్తున్నాడు. ఫోన్ చేశాను. మర్నాడు సాయంత్రం బండేసుకుని మిరప తోటల్లో గుడిసె గుడిసె తిరిగి పిల్లను పట్టుకున్నాడు. టీసీ లేదన్న సాకుతో పిల్లను చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదని 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్లోనే ఉంది కదా, తీసుకెళ్లి తన క్లాసులో కూర్చోబెట్టుకున్నాడు. ఏ పాఠం దగ్గర ఆగిందో నేను వాట్సాప్‌లో ఫోటోలు పెట్టాను. కోతలయ్యాక పిల్ల తిరిగొచ్చి పరీక్షలు రాసింది. మీ ఫార్మాట్లో దీనికి గడి లేదు, చూశాను.

అట్లాంటి నంబర్లు నా ఫోన్లో పదకొండు ఉన్నాయి. భూపాలపల్లిలో ఒక మేడం, జనగామలో ఇద్దరు, పెద్దపల్లిలో ఇటుక బట్టీల దగ్గరి బడిలో ఒకాయన, ఆయన ఇప్పటికే సగం ఒడియా మాట్లాడుతున్నాడు. మాకు పేరు లేదు, బ్యానర్ లేదు. మేమేం కొత్తగా కనిపెట్టిందీ కాదు, రంగారెడ్డి జిల్లాలో సర్కారు టీచర్లే 'బాల కార్మిక విమోచన వేదిక' పెట్టుకుని పనిలో ఉన్న పిల్లల్ని బడికి తెచ్చిన రోజులున్నాయి.

అయితే మా గొప్పలు కూడా ఎక్కువ చెప్పుకోకూడదు. 2024 బదిలీల్లో నలుగురు ఎటో పోయారు, ఆ నాలుగు ఊళ్లూ మాకు చీకటే. ఒకరికి ప్రమోషన్ వచ్చి ఫోన్ ఎత్తడం మానేశారు (నేనైనా అంతే చేస్తానేమో). పెళ్లి ఆపబోయి తిట్లు తిన్న మేడం రాత్రి పదకొండింటికి ఏడుస్తూ ఫోన్ చేస్తే, 'మేమున్నాం' అనడం తప్ప నా చేతుల్లో ఏముంది? అక్కడ మీ అధికారం కావాలి. ఆమె పక్కన నిలబడే హెచ్ఎం కావాలి, పక్క జిల్లాకు పోయి రావడానికి ఒక ఓడీ (ఆ రోజు డ్యూటీలో ఉన్నట్టే లెక్క అనే అనుమతి) కావాలి, బదిలీ అయ్యేవాళ్లు రిజిస్టర్లతో పాటు ఈ పిల్లల సంగతులు కూడా కొత్తవాళ్లకు అప్పజెప్పాలనే ఒక్క ఆర్డర్ కావాలి.

కానీ భయం కూడా ఉంది. మీ చెవిన పడితే దీనికొక పేరు పెడతారు, లోగో వస్తుంది, వారం వారం గూగుల్ ఫారం వస్తుంది, మిరప తోటలో పిల్లతో సెల్ఫీ తీసి అప్‌లోడ్ చేయమంటారు. అందుకే ఓడీ ఇప్పించండి, లోగో వద్దు.

ఈ నెల కూడా సంతకం పెట్టాను. మాదిరి పాఠం మధ్యలో లేచి బయటికెళ్లింది నేనే, రాసుకోండి. జనగామ నంబర్ నుంచి ఫోన్ వచ్చింది.

ఇట్లు,
మూడో వరసలో కిటికీ పక్కన కూర్చునే
మీ సోషల్ టీచర్