మునిగినప్పటి ఫోటో మీ దగ్గరే ఉంది, మా బాబాయిని అడుగుతారేంటి?

పొద్దున జరిగింది. ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది, అందుకే పనులన్నీ పక్కనపెట్టి రాస్తున్నా.

మొన్నటి తుపాను వానకి మునిగిన చేలకి నష్టం రాసుకోడానికి ఒకాయన వచ్చాడు. మా బాబాయి కౌలుకి చేసే చేను మురుగు కాలవ పక్కనే ఉంటుంది. ఎప్పుడు వానొచ్చినా ముందు మునిగేదీ, చివర తేలేదీ అదే. ఆయన వచ్చేసరికి నీళ్ళు దిగిపోయాయి. రోడ్డు మీద నిలబడి చూస్తే చేను పచ్చగా నిలబడే ఉంది. గట్టు దిగకుండానే "బాగానే ఉంది కదండీ" అన్నాడు. బాబాయి చేలోకి దిగి నాలుగు కంకులు తెంపి ఆయన చేతిలో నలిపి చూపించాడు. గింజ పాలు పోసుకునే వేళకి నీళ్ళల్లో ఉంది, ఇంకేం మిగులుతుంది? అంతా తాలు. ఆయన చూశాడు, చేతులు దులుపుకున్నాడు. "పంట నష్టం 33 శాతం దాటినట్టు కనపడాలి కదండీ. మునిగినప్పటి ఫోటో ఏమన్నా ఉంటే ఇవ్వండి, అప్‌లోడ్ చేస్తాను" అన్నాడు.

మా బాబాయి అన్న మాట ఇది: "ఆ రోజు గేదెల్ని రోడ్డెక్కించుకోడానికే సరిపోయింది బాబూ. ఫోటో ఎవరు తీస్తారు?"

ఎవరు తీశారో నాకు తెలుసు. ఆ రోజు మధ్యాహ్నం మా చేల మీద డ్రోన్ తిరిగింది. ఊరంతా చూశాం. పిల్లలు డాబాలెక్కి చేతులూపారు. సాయంత్రానికి వాట్సాప్‌లో వీడియో కూడా వచ్చింది, వెనకాల పాట పెట్టి మరీ. అందులో కాలవ కనపడుతోంది, కల్వర్టు కనపడుతోంది, కల్వర్టుకి ఎడమపక్కన తెల్లగా చెరువులా ఉన్నది మా బాబాయి చేను. ఆ ముక్క చెప్పి నా ఫోన్లో వీడియో చూపిస్తే ఏమన్నాడంటే, "అది వేరే డిపార్ట్‌మెంట్ వాళ్ళు తీసిందండీ. మా యాప్‌లో పొలం దగ్గర నిలబడి తీసిందే పడుతుంది."

ఆ మనిషి మీద నాకు కోపం లేదు. కుర్రాడు, పొద్దున్నుంచి ఏమీ తినకుండా తిరుగుతున్నాడు, యాప్ ఏది అడిగితే అదే పెట్టగలడు. నా కోపమంతా ఆ యాప్‌నీ ఆ డ్రోన్‌నీ కలపకుండా వదిలేసిన వాళ్ళ మీద. ఆకాశంలోంచి తీసిన బొమ్మ ప్రభుత్వం దగ్గరే ఉంది. నష్టం రాసేదీ ప్రభుత్వమే. మధ్యలో సాక్ష్యం మాత్రం మోకాలి లోతు నీళ్ళల్లో గేదె పలుపు పట్టుకుని నిలబడ్డ ముసలాయన తేవాలి!

కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే మన వాళ్ళల్లో చాలామంది "మబ్బులుంటే ఉపగ్రహానికి ఏం కనపడుతుందిలే" అనుకుంటారు. మామూలు కెమెరా ఉపగ్రహానికి నిజంగానే కనపడదు. రాడార్ ఉపగ్రహానికి కనపడుతుంది. మన ఇస్రో 2022 ఫిబ్రవరిలో పంపిన ఈఓఎస్-04 అలాంటిదే. అది తనే తరంగాలు పంపి, తిరిగొచ్చిన వాటితో బొమ్మ గీస్తుంది. మబ్బున్నా, అర్ధరాత్రయినా పనిచేస్తుంది. నిలిచిన నీళ్ళు నున్నగా ఉంటాయి కాబట్టి తరంగం అటు జారిపోతుంది, వెనక్కి రాదు, బొమ్మలో అక్కడ నల్లగా పడుతుంది. అంటే ఫలానా రోజున ఫలానా చేను నీళ్ళ కింద ఉందని చెప్పడానికి పొలం గట్టున ఎవరూ సెల్ఫీ దిగక్కర్లేదు. ఆ డేటా దిగేది ఎక్కడో అమెరికాలో కాదు. మన షాద్‌నగర్‌లో. దాన్ని మ్యాపుగా చేసే జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉన్నది హైదరాబాద్ బాలానగర్‌లో.

ఆ శాస్త్రవేత్తలు వాళ్ళ పని చేస్తారు. ముంపు మ్యాపులు గీస్తారు, పైకి పంపిస్తారు, ఇస్రో వాళ్ళ మ్యాపుల వెబ్‌సైట్ భువన్‌లో పెడతారు. జిల్లా బొమ్మ మీద నీలం మరకలు. నా సర్వే నంబరు ఆ మరకలో ఉందో లేదో మా ఊళ్ళో చెప్పేవాడెవడు? ఆ నీలం మరకని మా ఊరి పొలం మ్యాపు మీద పరిచి చూడటం సాంకేతికంగా పెద్ద పనేమీ కాదు. భూముల రీసర్వే అని ఊరూరా డ్రోన్లు తిప్పి, ప్రతి కమతాన్నీ పైనుంచి ఫోటో తీసి పెట్టుకున్నారుగా! గట్టు జరిగిందా లేదా చూడటానికి పనికొచ్చిన ఆ ఫోటోలు, చేను మునిగిందా లేదా చూడటానికి పనికిరావా?

ఇంకోటి. పంటల బీమా పథకంలో వరికీ గోధుమకీ దిగుబడి అంచనా వేసేటప్పుడు సాంకేతికత చెప్పిన లెక్కకి కనీసం 30 శాతం విలువ ఇవ్వాలని 2023 ఖరీఫ్ నుంచి కేంద్రమే పెట్టింది. బీమా కంపెనీ డబ్బు లెక్కలకి పైనుంచి చూసిన చూపు నమ్మదగ్గదే. మా బాబాయికి రావాల్సిన ఇన్‌పుట్ సబ్సిడీ, అంటే పంట పోతే ప్రభుత్వం ఇచ్చే సాయం, దగ్గరికొచ్చేసరికి మాత్రం గట్టు మీంచి కంటి అంచనా.

ఇది ఒక్క నష్టపరిహారం గొడవైతే ఇంత రాసేవాణ్ణి కాదు. ప్రాణాల మీదకొచ్చినప్పుడూ ఇదే తంతు.

2024 సెప్టెంబర్ 1 గుర్తుందా? ఖమ్మంలో మున్నేరు. ప్రకాశ్‌నగర్ వంతెన మీద తొమ్మిది మంది చిక్కుకుపోయారు. చుట్టూ నీళ్ళు. పొద్దున్నుంచీ టీవీల్లో చూస్తూనే ఉన్నాం, వాళ్ళు వంతెన మీద నిలబడటం, ఇటు ఒడ్డున జనం అరవటం. రాష్ట్రమంతా చూసింది. హెలికాప్టర్ అన్నారు, వాతావరణం బాగోలేదన్నారు. చివరికి రాత్రి వేళ హర్యానా నుంచి పనికొచ్చిన ఒక డ్రైవర్ తన బుల్‌డోజర్ వేసుకుని ఆ నీళ్ళల్లోకి వెళ్ళి అందర్నీ తీసుకొచ్చాడు. ఆ మనిషికి దండం పెట్టినా తక్కువే. కానీ నాకు ఆ రోజునుంచీ గుండెల్లో ముల్లులా ఉన్నది వేరే. ఆ తొమ్మిది మంది ఎక్కడున్నారో తెలియకపోవడం సమస్యే కాలేదు అక్కడ. ప్రతి ఛానెల్లో పైనుంచీ పక్కనుంచీ బొమ్మ ఉంది. బొమ్మ ఉంటే సరిపోదని అప్పుడే తెలిసొచ్చింది నాకు. చూసినవాడికి, కదలాల్సినవాడికి మధ్య ఎన్ని ఫోన్లు, ఎన్ని ఉత్తరాలు? వైమానిక దళం కేంద్రం చేతిలో ఉంటుంది. కలెక్టర్ రాష్ట్రాన్ని అడగాలి, రాష్ట్రం కేంద్రాన్ని అడగాలి. ఈలోపు వాన ముదిరితే ఎగిరే అవకాశమే పోతుంది.

హెలికాప్టర్ సమయానికొస్తే ఏమవుతుందో కూడా మనం చూశాం. 2021 నవంబర్‌లో అనంతపురం జిల్లా చిత్రావతిలో చిక్కుకున్న పది మందిని వైమానిక దళం ఎత్తుకొచ్చింది. 2023 జూలైలో భూపాలపల్లి దగ్గర మోరంచపల్లి ఊరికి ఊరే మునిగితే సైనిక హెలికాప్టర్లు దిగాయి. అంటే చేతకాక కాదు. ఒక్కోసారి దారి కుదురుతుంది, ఒక్కోసారి కుదరదు. ప్రాణం దక్కడం ఆ కుదరడం మీద ఆధారపడకూడదని అడుగుతున్నా, అంతే.

అదే రోజు, అదే సెప్టెంబర్ 1, బెజవాడలో బుడమేరు వాగు. ఎడమ గట్టుకి మూడు గండ్లు. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం, వాంబే కాలనీ, అన్నీ నీళ్ళల్లో. మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11.43 లక్షల క్యూసెక్కులు. డ్రోన్లతో అన్నం పొట్లాలు వేశారు, హెలికాప్టర్లు వచ్చాయి, ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లోనే మకాం వేశారు. సైన్యం వచ్చి సాయం పడితే సెప్టెంబర్ 7కి గండ్లు పూడ్చారు. ఎవరూ పనిచేయలేదని నేననను. కానీ లోపలి సందుల్లో ఉన్నవాళ్ళు మొదటి రెండు రోజులు ఏమన్నారో మీరు వినలేదా? పడవ మెయిన్ రోడ్డు వరకే వస్తోంది, మా వీధిలోకి రావట్లేదని. పైన డ్రోన్ తిరుగుతోంది, కింద పడవ నడిపేవాడికి ఏ సందులో ముసలివాళ్ళున్నారో తెలియదు. పడవ వేసుకుని వచ్చినవాళ్ళలో ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళున్నారు, ఎక్కడెక్కడినుంచో వచ్చిన మత్స్యకారులున్నారు. ఆ ఊరి సందులు వాళ్ళకేం తెలుసు? డ్రోన్ చూసింది అప్పటికప్పుడు వాళ్ళ ఫోన్లోకి రావాలి కదా!

పట్టణంలో అయితే డ్రోనే దిక్కు. రాడార్ ఉపగ్రహం అక్కడ తడబడుతుంది. గోడకీ నీటికీ తగిలి తరంగం మళ్ళీ వెనక్కొచ్చేస్తుంది, మునిగిన వీధి బొమ్మలో నల్లగా కాకుండా వెలుగుతూ కనపడుతుంది. మ్యాపు చూసి "ఇక్కడ నీళ్ళు లేవు" అనుకునే ప్రమాదం ఉంది. అందుకే ఉపగ్రహం బొమ్మ, డ్రోన్ బొమ్మ, వార్డులో తిరిగే ఉద్యోగి మాట, మూడూ ఒకే తెర మీద పడాలంటాను. ఇప్పుడు ఒకటి అంతరిక్ష శాఖది, ఒకటి పోలీసులదో రెవెన్యూదో, ఒకటి మున్సిపాలిటీది. నీటి లెక్క ఇరిగేషన్ వాళ్ళది. వాన లెక్క వాతావరణ శాఖది.

సరే, బెజవాడ పేరెత్తాను కాబట్టి ఇది కూడా రాయకపోతే నాకు నిద్ర పట్టదు. సింగ్‌నగర్‌లో నీళ్ళు దిగాయని అందరూ ఊపిరి పీల్చుకున్నారే, ఆ నీళ్ళు ఎటు పోయాయి? మా వైపే. బుడమేరు కొల్లేరులో కలుస్తుంది, దారిలో మేమున్నాం. నందివాడ మండలం ఊళ్ళు రోజుల తరబడి నీళ్ళల్లోనే ఉన్నాయి. కెమెరాలన్నీ బెజవాడలో. మైకులన్నీ బెజవాడలో. నగరంలో కింద ఇంటికి పాతిక వేలు, పై అంతస్తుకి పది వేలు అని ప్రకటించారు, మంచిదే, వాళ్ళూ మనవాళ్ళే. మా వైపు ఏ ఊళ్ళో ఎంత లోతుందో అడిగిన నాథుడు లేడు. పైనుంచి చూసే కన్నుకి ఊరూ నగరమూ తేడా లేదు. ఆ కన్నుని ఎటు తిప్పాలో చెప్పేవాళ్ళకే ఉంది తేడా.

అసలు ఈ కన్ను వరదొచ్చినప్పుడే ఎందుకు తెరుచుకోవాలి? బుడమేరు ఎలా సన్నబడిందో, గట్ల మీదకి ఇళ్ళు ఎలా వచ్చాయో పాత ఉపగ్రహ చిత్రాలు వరసగా పెడితే పదో తరగతి పిల్లాడు చెప్తాడు. కొల్లేరులో నీళ్ళు సముద్రానికి పోవడానికి ఉన్న ఒకే దారి ఉప్పుటేరు. అది ఎక్కడ పూడింది, ఎక్కడ ఇరుకైందీ పైనుంచి కనపడుతుంది. 2006లో కొల్లేరు ఆపరేషన్ అని +5 కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లు కొట్టారు. మళ్ళీ ఎన్ని లేచాయో కూడా ఆ చిత్రాల్లోనే ఉంది. బొమ్మలు తీయడానికి మనకి చేతులున్నాయి. అందులో కనపడ్డవాళ్ళ పేరు పలకడానికే నోరు రాదు. పెద్దవాళ్ళ చెరువు గట్టు కనపడినా కనపడనట్టే, కౌలు రైతు చేను మునిగినా మునగనట్టే.

తుపాను హెచ్చరికలు చూడండి. 1977లో దివిసీమని ఉప్పెన ముంచేసినప్పటికీ ఇప్పటికీ ఎంత తేడా! ఎందుకొచ్చింది ఆ తేడా? రాడార్లొచ్చాయి, ఉపగ్రహాలొచ్చాయి, నిజమే. దాంతోపాటు తుపాను బులెటిన్ దాచిపెట్టరు. ముఖ్యమంత్రి చదివే బులెటినే మచిలీపట్నంలో పడవ కట్టేసుకునే బెస్తాయనా వింటాడు, అదే వేళకి. తుపాను దారి అందరికీ ఒకేసారి తెలిసినట్టు, వరద బొమ్మ కూడా అందరికీ ఒకేసారి తెలియాలి. సర్పంచికి, పడవ నడిపేవాడికి, నష్టం రాసే కుర్రాడికి, మా బాబాయికి. ఇంతకన్నా నేనేం అడగట్లేదు.

ఇంకా కడుపు రగిలే సంగతేంటంటే, యూరప్ వాళ్ళ సెంటినెల్-1 రాడార్ చిత్రాలు ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మా చేను మీంచి వెళ్ళే ఆ పరాయి ఉపగ్రహం బొమ్మ నాకు దొరుకుతుంది. మా డబ్బుతో మా నెత్తి మీద ఎగిరిన డ్రోన్ బొమ్మ మాత్రం దొరకదు! ఆ ఉపగ్రహం ఒకే దారిలో మళ్ళీ రావడానికి 12 రోజులు పడుతుంది కాబట్టి, మేం మునిగిన రోజున అది మా మీదకి వచ్చిందో లేదో చూడాలి.

అందుకే అడుగుతున్నా. మన ఫ్రెండ్స్‌లో ఉపగ్రహ చిత్రాలు చదవడం వచ్చినవాళ్ళు, ఆ సాఫ్ట్‌వేర్ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే ఈ రాత్రికి మెసేజ్ పెట్టండి. మునిగిన రోజులు, మా కాలవ పక్క చేల సర్వే నంబర్లు నేనిస్తాను. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నాం, బాబాయితో పాటు కాలవ పక్క కౌలు రైతులందరూ వస్తున్నారు. ఆ డ్రోన్ వీడియో ఒరిజినల్ కాపీ ఇమ్మని సమాచార హక్కు దరఖాస్తు కూడా రాసేశాను. వాట్సాప్‌లో వచ్చిన ఆ పాట వీడియో ఎవరి ఫోన్లో ఉన్నా చెరపకండి, నాకు పంపించండి.