ఎత్తు వేసి లేవండి
ఉదయం గంట నడిస్తే చాలు, తర్వాత ఎంతసేపు చెస్ ఆడినా ఫర్వాలేదని ఒక వ్యాసంలో అన్న మాట నాకు ఒప్పుదల కాలేదండి. వారానికి కనీసం 150 నిమిషాలు వ్యాయామం చేయమన్న ప్రపంచ ఆరోగ్య సంస్థే, ఆ 2020 మార్గదర్శకాల్లోనే కూర్చునే సమయం కూడా తగ్గించమంది. టోర్నమెంట్లలో చూడండి, క్లాసికల్ గేమ్ (ఆలోచనకి ఎక్కువ సమయమిచ్చే నిదానపు ఆట) నాలుగైదు గంటలు సాగినా ఆటగాళ్లు కుర్చీకి అతుక్కుపోరు. ఎత్తు వేసి, తమ సమయం ఆగేలా గడియారం నొక్కి, లేచి పక్క బోర్డులు చూస్తూ తిరుగుతుంటారు. చిక్కంతా ఫోన్‌లో ఆడే మూడు నిమిషాల బ్లిట్జ్ అనే మెరుపు ఆటతోనే. 'ఇంకొక్కటే' అంటూ మెడ వంచుకుని అర్ధరాత్రి చేస్తాం (ఇంట్లో అక్షింతలు సరేసరి). నేనైతే గేమ్ ఓడినప్పుడల్లా మేడమెట్లు ఎక్కి దిగుతున్నాను. నా ఆటకి వ్యాయామానికేం కొదవ లేదు లెండి!