బావగారి అంతరిక్ష వాటా

2023 ఆగస్టు 23వ తేదీ సాయంత్రం ఆరు గంటల నాలుగు నిమిషాలకు ఇస్రో వారి చంద్రయాన్-3లోని విక్రమ్ ల్యాండర్ చంద్రుడి దక్షిణ ధ్రువానికి చేరువలో కాళ్లు మోపగానే బరంపురం పెద్ద బజారులో టపాకాయలు పేలాయి, మిఠాయిలు పంచారు, ఒడియా వారూ తెలుగు వారూ ఒకరి భుజం ఒకరు తట్టుకున్నారు. మా బావగారు మాత్రం నోట్లో రసగుల్లా ఉండగానే నన్ను పక్కకు పిలిచి, "ఇస్రో షేరు ఇప్పుడెంత పలుకుతోంది?" అని అడిగారు.

బావగారిది పట్టుచీరల వ్యాపారం. నేతగాడు చీర చేతికివ్వగానే ముందు తిరగేసి అంచు అల్లికను వెనక వైపు నుంచి చూస్తారు. ఆ తరువాత కొంగు కొసన ఒక పోగు లాగి, అగ్గిపుల్లకు అందించి, కళ్లు మూసుకుని వాసన పీలుస్తారు. కాలిన జుట్టు వాసన వస్తే పట్టు. రాకపోతే ఆ నేతగాడి తాతగారు దిగివచ్చి ప్రమాణం చేసినా చీర తీసుకోరు. ఇంతటి పరీక్షాధికారి అంతరిక్షం విషయంలో కాల్చి చూడవలసిన పోగు ఏదో తెలుసుకోకుండా దిగడమే ఈ వ్యాసానికి కారణం.

ఇస్రో అన్నది కంపెనీ కాదనీ, కేంద్ర ప్రభుత్వపు అంతరిక్ష విభాగం కింద పనిచేసే సంస్థ అనీ, దానికి షేర్లుండవనీ చెప్పాను. "మరి బేరసారాలు ఎవరు చూస్తారు?" అన్నారాయన. 1992లో పెట్టిన యాంత్రిక్స్, 2019లో పెట్టిన న్యూస్పేస్ ఇండియా లిమిటెడ్ చూస్తాయనీ, రెండూ పూర్తిగా ప్రభుత్వానివేననీ, వాటి వాటాలు బయటి వారికి అమ్మరనీ చెప్పాను. చంద్రయాన్‌కు కావలసిన కొన్ని భాగాలు మన భువనేశ్వర్‌లోనే, సెంట్రల్ టూల్ రూమ్‌లో తయారయ్యాయని ఆయన పేపర్లో చదివారు. అది శిక్షణ కేంద్రం కూడా అయిన ప్రభుత్వ సంస్థ అని చెప్పవలసి వచ్చింది. హైదరాబాదు కుర్రాళ్ల స్కైరూట్ 2022 నవంబరు 18న విక్రమ్-ఎస్ అనే రాకెట్టును ఎగరేసింది కదా అన్నారు. ఎగరేసింది గాని దాని షేర్లు మనబోటి వారు బజారులో కొనుక్కునేందుకు లేవు. మస్కు గారి స్పేస్‌ఎక్స్ పరిస్థితీ ఆనాటికి అదే. విదేశాలలో బజారుకెక్కిన వాటిలో వర్జిన్ ఆర్బిట్ అనేది ఆ జనవరిలో ఇంగ్లండు నుంచి చేసిన ప్రయోగం విఫలమై ఏప్రిల్‌కల్లా దివాలా దాఖలు చేసిందని చెప్పేసరికి బావగారి ముఖం చిన్నబోయింది.

"అంటే ఆకాశంలోకి వెళ్లేవేవీ అమ్మకానికి లేవు, అమ్మకానికి ఉన్నవేవీ ఆకాశంలో నిలవడం లేదు అంటావు" అన్నారు. ఇంత చక్కగా నేను కూడా చెప్పలేను.

అయితే కొనదగినవి బొత్తిగా లేవని కాదు. 1970లో హైదరాబాదులో పుట్టి 2021 మార్చిలో బజారుకు వచ్చిన ఎంటార్ టెక్నాలజీస్ ఇస్రో రాకెట్లకు ఇంజను భాగాలు చేస్తుంది. 2018లో వచ్చిన మిధాని ప్రత్యేక లోహాలు పోతపోస్తుంది. ఎల్ అండ్ టీ సంగతి సరే సరి. కాని ఎంటార్ ఆదాయంలో పెద్ద పాలు అమెరికాకు పంపే ఫ్యూయల్ సెల్ పరికరాలది. ఎల్ అండ్ టీ అంటే వంతెనలూ, మెట్రో దారులూ, ఇంకా లెక్కలేనన్ని పనులూ. వీటన్నిటిలోనూ అంతరిక్షం జరీ అంచు మాత్రమే, చీరంతా వేరే నూలు అని బావగారి భాషలోనే చెప్పి చూశాను. ఆయనకు అంచు వద్దు. నిండు చీర జరీ కావాలి.

మర్నాడు గురువారం. ఆస్కా రోడ్డులో అప్పడాల కొట్టు మీది మేడలో ఉన్న షేర్ల ఆఫీసుకు ఇద్దరం వెళ్లాం. ఇంగువ ఘాటు మెట్ల దాకా వస్తుంది. అక్కడ కూర్చున్న వారికి లాభమొచ్చినా నష్టమొచ్చినా కళ్లు చెమ్మగిల్లుతూనే ఉంటాయి. కంప్యూటరు ముందున్న ఒడియా కుర్రవాడు చక్కని తెలుగులో, "ఆగ్యాఁ, పొద్దుటి నుంచి మీరు పదకొండో వారు. అందరికీ ఇస్రోయే కావాలి" అన్నాడు. ఆ రోజు అంతరిక్షం పేరెత్తిన ప్రతి షేరూ లేచి కూర్చుంది. ఇస్రోకు ఇంజన్లు చేసి ఇచ్చేది గోద్రెజ్ అండ్ బాయిస్. అది ఎక్స్ఛేంజీలో లేదు. రసాయనాలు ప్రధానమైన గోద్రెజ్ ఇండస్ట్రీస్ ఉంది. జనం ఇంటిపేరు చూసి దాన్నే ఎగబడి కొన్నారు. పెళ్లికొడుకు దొరక్కపోతే పక్కింటి వాడి మీద అక్షింతలు వేసి వచ్చినట్టు ఉందని ఆ కుర్రవాడే నవ్వాడు. బావగారు కూడా పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ రాత్రే ఆయన ఫోనులో షేర్ల పేర్ల జాబితా తెరిచి, ఆకాశం, నక్షత్రం, గ్రహం, కక్ష్య అనే అర్థం వచ్చే మాటలు ఒక్కొక్కటే కొట్టి వెతకడం మొదలుపెట్టారు.

దొరికింది. దాని పేరు ఇక్కడ వ్రాయను. ఇప్పటికే ఆ పేరు చదివి ఒక సంసారం ఇబ్బంది పడింది. పేరులో అంతరిక్షం ఉంది, గుర్తులో వలయం చుట్టుకున్న గ్రహం ఉంది, ధర రెండు వందల లోపు ఉంది. "ఏం చేస్తారు బావగారూ వీళ్లు?" అని అడిగాను. "బొమ్మ చూస్తే తెలియడం లేదా?" అన్నారు.

ఆగస్టు 25 శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం. ఇంతకన్నా మంచి రోజు లక్ష్మీదేవికి కూడా దొరకదని ఉదయం తొమ్మిదింపావుకు ముందే కొనుగోలు ఆర్డరు పెట్టారు. షేరు తెరుస్తూనే ఐదు శాతం పైకి పోయి అప్పర్ సర్క్యూట్‌లో, అంటే ఆ రోజుకు అంతకు మించి పెరగనివ్వని గీత దగ్గర, ఆగింది. ఆ స్థితిలో కొనేవారి వరుస చాంతాడంత ఉంటుంది, అమ్మేవారి గడిలో సున్నా ఉంటుంది. బావగారు ఆ సున్నాను చూస్తూ కొట్లో కూర్చున్నారు. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన ముత్తైదువలు నలుగురు ఒక మామిడిపిందెల అంచు చీరను విప్పించి, "బాబూ, దీని ఖరీదెంత?" అని అడిగారు. ఫోను మీది నుంచి కళ్లు ఎత్తకుండానే, "నూట ఎనభై రెండున్నర" అన్నారు బావగారు. క్షణం నిశ్శబ్దం. "అయితే నాలుగు కట్టండి" అందామె. తొమ్మిది వేల చీర గురించి ఆ తరువాత జరిగిన వాదోపవాదాలలో మధ్యవర్తిగా పక్క కొట్టు సాహు గారు కూడా రావలసి వచ్చింది. చివరకు నాలుగు జాకెట్టు ముక్కలు ఊరికే ఇచ్చి బయటపడ్డారు.

మధ్యాహ్నం రెండు దాటాక ఎవరో అమ్మారు, ఆర్డరు నిండింది. నూట ఎనభై రెండున్నర చొప్పున ఐదు వందల షేర్లు. ఇంత మంచి షేరును ఎవరమ్ముకున్నారా అని బావగారు జాలిపడ్డారు. "పాపం, ఇంట్లో ఏ పెళ్లో ఉండి ఉంటుంది" అన్నారు. నాకైతే ఆ మహానుభావుడు సంవత్సరాల తరబడి ఇటువంటి సాయంత్రం కోసమే ఎదురుచూశాడేమో అనిపించింది గాని పండుగ పూట అనలేదు. షేరు కాగితాన్ని కలశం దగ్గర పెడదామని బావగారి కోరిక. ఇప్పుడు కాగితాలుండవు, అంతా డీమ్యాట్ అని చెబితే ఫోన్‌నే పసుపు బొట్టు పెట్టి కలశం పక్కన ఉంచారు. అక్క హారతి ఇస్తుండగా అది మోగింది. క్రెడిట్ కార్డు కావాలా అని అడుగుతున్నారు.

సోమవారం మరో ఐదు శాతం పెరిగింది. అమ్మమన్నాను. "నాలుగు రోజులకే అమ్ముకునే వాడు ఇన్వెస్టరు కాడు" అన్నారు. మంగళవారం నుంచి లోయర్ సర్క్యూట్, అంటే రోజుకు అంతకు మించి పడనివ్వని గీత. ఇప్పుడు అమ్మేవారి వరుస చాంతాడంత, కొనేవారి గడిలో సున్నా. అమ్మకానికి పెట్టిన ఆర్డరు సాయంత్రానికి అలాగే తిరిగి వచ్చేది. రోజుకు ఐదే శాతం కదా, ఇరవై రోజులకు గాని పోదులే అని ఆయన ధైర్యం. ప్రతి రోజూ తగ్గిన ధర మీద ఐదు శాతం తగ్గుతుంది కాబట్టి లెక్క ప్రకారం ఎన్నటికీ పూర్తిగా సున్నా కాదని నేను చెప్పాను. ఇది ఆయనకు ఎంతో ఊరటనిచ్చింది. తన షేరుకు నాశనం లేదని బజారంతా చెప్పుకొచ్చారు.

అసలు ముసుగు సెప్టెంబరులో తొలగింది. సర్వసభ్య సమావేశాల నెల కావడంతో వాటాదారుగా బావగారి ఈమెయిలుకు వార్షిక నివేదిక వచ్చింది. కంపెనీ తనను పేరు పెట్టి 'గౌరవనీయ వాటాదారు' అని సంబోధించినందుకు పొంగిపోయి, భోజనాల వేళ నన్ను గట్టిగా చదవమన్నారు. ఛైర్మన్ గారి సందేశం దేశప్రగతితో మొదలై ముడి ప్లాస్టిక్ ధరల దగ్గర ముగిసింది. ప్రధాన వ్యాపారం అన్న చోట రెండే రెండు మాటలున్నాయి: నీళ్ల ట్యాంకులు, పైపులు. నేను మళ్లీ చదివాను. మారలేదు.

వడ్డిస్తున్న అక్క గరిటె ఆపి, "ఆ పేరు మళ్లీ ఒకసారి చెప్పు" అంది. చెప్పాను. "రండి" అని మా ఇద్దరినీ ఎంగిలి చేతులతోనే డాబా మీదికి తీసుకుపోయింది. ఆరవేసిన వడియాల పక్కన, ఇటుకల దిమ్మె మీద, నల్లటి వెయ్యి లీటర్ల ట్యాంకు ఉంది. దాని పొట్ట మీద ఎండకు వెలిసిపోయిన పసుపు అక్షరాలు, వాటి కింద వలయం చుట్టుకున్న గ్రహం. కాకి రెట్ట పడి వలయం సగం మాసింది గాని పోల్చుకోవడం కష్టం కాలేదు. బావగారు రోజూ తెల్లారగట్ల దాని కిందనే సూర్యనమస్కారం చేస్తారు.

"ఇదివరకటిది కూడా వీళ్లదే కదండీ" అంది అక్క. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటిన రాత్రి, ఇదే కంపెనీ ట్యాంకు మా డాబా నుంచి లేచి, వీధి దాటి, ఎదురింటి వారి పాకశాల రేకుల మీద దిగిన మాట వాస్తవం. దిగడం మెత్తగా జరగలేదు. ఆ రేకుల ఖరీదు మేమే ఇచ్చుకున్నాం.

బావగారు చాలాసేపు ట్యాంకు చుట్టూ తిరిగారు. "అయితే ప్రయోగానుభవం ఉన్న కంపెనీయే" అన్నారు చివరకు.

ఓడిపోవడం చీరల వ్యాపారికి చేతకాదు. రాత్రికల్లా వాదన సిద్ధమైంది. చంద్రుడి మీద నీళ్ల జాడలున్నాయని చంద్రయాన్-1 ఆనాడే చెప్పింది కదా, ఇప్పుడు దిగింది మంచు ఉందనుకునే దక్షిణ ధ్రువం వైపే కదా, రేపు అక్కడ నీళ్లు తోడితే నిలవ చేయడానికి ట్యాంకు వద్దా, అది అక్కడి దాకా పోవడానికి పైపు వద్దా అని ఆయన ప్రశ్న. దీనికి నా దగ్గర సమాధానం లేదు. పేరు చూసి మోసపోయిన వారు లోకంలో ఇంకా ఉన్నారని ఓదార్చబోయాను: కరోనా రోజులలో జూమ్ వీడియో అనుకుని అమెరికాలో జనం జూమ్ టెక్నాలజీస్ అనే వేరే కంపెనీని కొంటూ పోతే, 2020 మార్చిలో అక్కడి నియంత్రణ సంస్థ దాని లావాదేవీలనే తాత్కాలికంగా నిలిపివేసిందని చెప్పాను. "వాళ్లది పొరపాటు, నాది దూరదృష్టి" అన్నారు.

ఆ తరువాత షేరు ఎక్కడో ఆగింది. కొన్నదానిలో సగానికి కాస్త పైన. కొనేవారు ఒకరిద్దరు కనిపించినా బావగారే అమ్మడం మానేశారు. వచ్చే ఠాకురాణి జాత్ర దాకా చూస్తానన్నారు. ఆ జాత్ర రెండేళ్లకోసారి వస్తుంది.

ఇప్పుడు వచ్చిన చిక్కల్లా ట్యాంకుతోనే. మొన్న వేసవిలో దాని అడుగున సన్నని బీట వచ్చి నీరు కారుతోంది. వారంటీ ఇంకా మిగిలి ఉంది, కంపెనీకి ఫిర్యాదు చేస్తే కొత్తది ఇస్తారు. అక్క కాగితాలన్నీ వెతికి తీసింది. బావగారు మాత్రం ససేమిరా అంటున్నారు. ఉచితంగా ట్యాంకులు మార్చి ఇస్తూ పోతే కంపెనీ లాభం తగ్గుతుందట, లాభం తగ్గితే షేరు ఇంకా పడుతుందట. కాబట్టి వాటాదారుడి ఇంట్లో ప్రస్తుతం ట్యాంకు కింద ఒక బకెట్టు పెట్టి ఉంది. రాత్రి నిండితే లేచి పారబోసే బాధ్యత బావమరిదిదని కూడా నిర్ణయమైపోయింది.